వాటమైన తుపాకి

మన యిండ్లలో వాడిన వస్తువుల విషయమున రెండు విధములైన న్యాయములు నడచుచున్నవి. అమ్మమ్మగారి కాసులపేరు పాతదైనకొలది దానికి గౌరవము హెచ్చును. తాతగారి పెట్టెలోని తాటియాకు ప్రతి చెదలకు మిగిలిన నాలుగాకులతోనే పూజార్హమగును. గాని పిల్లల చదువునకో, ఆటకో కావలసిన పరికరమును ఇదివరకే ఒకరు వాడిరని తెలియగానే "మనకేమి ఖర్మము!" అందుము. అదియే వస్తువు మిక్కిలి చౌకగా దొరకెనా, మనకు సరిపడునో లేదో విచారింపకయే యింటికి మోసికొని వత్తుము. మొదటిది వట్టి డంబము. రెండవది వట్టి లోభము. ఈ రెంటికిని నడుమ విచారణ యను మార్గ మొకటి కలదు. గడచిన సంవత్సరము మా తమ్ముని కుమార్తె కొరకు మేమొక వాడిన గాలితుపాకిని వెదకవలసి వచ్చెను. ఆ వెదకులాటలో మేము తెలిసికొన్న సంగతులు బిడ్డలున్న గృహస్థులకు ఉపయోగింపవచ్చునని తలంచి యిట వ్రాయుచున్నాము.

తుపాకి యనగానే చదువరులు ఉలికిపడ నక్కరలేదు. ఇది తిరునాళ్లలో రబ్బరు బుడగలను పగులగొట్టు గాలితుపాకికి దగ్గరి చుట్టమే. కాని గుణమున దానికిని దీనికిని బహుదూరము. పిట్టలను కొట్టుట దీని పని కాదు. అడవిపిట్టలను కొట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. అట్టి పనికి దీని నెత్తువాడు క్రీడాకారుడు కాడు. ఈ క్రీడలో లక్ష్యము పది మీటర్ల దూరముననున్న ఒక కాగితము. దానిపై ముద్రించిన వలయములలో వెలుపలి దాని వ్యాసము 45.5 మిల్లీమీటర్లు. నట్టనడుమ పదియంకెను సూచించు చుక్క వ్యాసము అర మిల్లీమీటరు, అనగా వాక్యము ముగిసినచోట మనము పెట్టు చుక్కయంత. గుండు వ్యాసము 4.5 మిల్లీమీటర్లు, బరువు ఇంచుమించు అర గ్రాము, వేగము సెకనుకు 170 మీటర్ల ప్రాంతము. నిలుచుండి, దేనికిని ఆనుకొనక, గంటంబావులో అరువది గుండ్లు పేల్చవలయును. బలముతో పనిలేదు. నిలుకడతోను, ఊపిరిని అదుపుచేయుటతోను, ఒక తప్పు గుండును మరచి తరువాతి గుండునకు మనస్సును సిద్ధము చేసికొనుటతోను పని.

ఈ క్రీడ 1984 లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సునందు పురుషులకును స్త్రీలకును ఒక్కసారిగా ప్రవేశపెట్టబడెను. 2008 లో బీజింగునందు అభినవ్ బింద్రా స్వర్ణము గెలిచినదియు, 2012 లో లండనునందు మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యము గెలిచినదియు ఈ పోటీలోనే. 2024 లో పారిస్ నగరమున మను భాకర్ పతకము గెలిచి, ఒలింపిక్సు షూటింగులో పతకము పొందిన తొలి భారతీయ వనిత యయ్యెను. ఆమె ఆయుధము పిస్తోలైనను దూరము ఈ పది మీటర్లే. అయినను స్త్రీలకు చాలకాలము నలుబది గుండ్లే విధించి, పురుషులకు అరువది విధించిరి. నిలుచుండి గురిచూచుటలో స్త్రీ యేమి తక్కువయో ఎవరికిని తెలియదు. 2018 నుండి ఇరువురికిని అరువదియే. ఆలస్యముగా నైనను న్యాయము న్యాయమే.

మా తమ్ముని కుమార్తెకు పదునాలుగేండ్లు. ఎనిమిది నెలలపాటు శిక్షణాలయమువారి తుపాకులతో సాధన చేసెను. అవి పదిమంది చేతులలో తిరుగునవి. ఒకరు తమకు తగినట్లు సవరించుకొన్న మరలను మరునాడు వేరొకరు త్రిప్పివేయుదురు. ఇక సొంతము తుపాకి లేనిదే ముందునకు సాగదని శిక్షకుడు చెప్పెను. మా తమ్ముడు సహకార బ్యాంకులో గుమాస్తా. పోటీలకు తగిన కొత్త తుపాకి వెల లక్షలలో నున్నది. కావున వాడిన తుపాకియే శరణ్యమయ్యెను.

అంతలో మా తల్లిగారు ఇంకొక చిక్కు లేవదీసిరి. పిల్లది ఎడమచేతి వాటము. ఎడమచేత పలక పట్టినందుకును, ఎడమచేత గరిటె త్రిప్పినందుకును చిన్ననాట ఎన్ని మొట్టికాయలు తిన్నదో లెక్కలేదు. "ఎడం చేత్తో తుపాకీ పట్టించి నలుగురిలో నిలబెడతారట్రా దాన్ని? ఎలాగూ కొత్తగా నేర్చుకోవడమే కదా, కుడి చేత్తోనే నేర్పించండి. అదే అలవాటవుతుంది" అని ఆమె మాట. ఆమెది ప్రేమయే, గాని ప్రేమ యెల్లప్పుడును ప్రమాణము కాదు.

ఇచ్చట మా వృత్తికి సంబంధించిన మాట యొకటి చెప్పక తప్పదు. అర్జునుని సవ్యసాచి యని కొనియాడుచున్నాము. సంస్కృతమున సవ్యమనగా ప్రధానార్థము ఎడమ. ఎడమచేతితోను బాణము వేయగలవాడు గనుక ఆయన సవ్యసాచి యయ్యెను. జందెము ఎడమ భుజముపై నుండుట శుభకార్యములకు విధి గనుక, ఆ సవ్యశబ్దమే క్రమముగా సరియైనదను నర్థమును పొంది, తెలుగున "సవ్యముగా" అను మాటగా స్థిరపడెను. ఎడమను తెలుపు పదముతోనే మంచిని తెలుపుకొనుచు, ఎడమచేతితో అన్నము కలిపిన పిల్లను చీవాట్లు పెట్టుచున్నాము! పురాణములోని వీరునకు బిరుదైనది మన పెరటిలోని పిల్లకు దోషమెట్లగునో విజ్ఞులు ఆలోచింతురు గాక.

గురిచూచుటలో చేతికంటె కంటి పెత్తన మెక్కువ. రెండు కన్నులలో నొకటి సాధారణముగా ప్రధానమై యుండును. రెండు చేతులను ముందునకు చాచి, అరచేతుల నడుమ చిన్న సందు విడిచి, దానిగుండ గోడమీది గడియారమును చూడుడు. పిమ్మట ఒక్కొక్క కంటిని మూయుడు. ఏ కన్ను తెరచియున్నపుడు గడియారము చోటు తప్పక నిలుచునో అదియే ప్రధానమైన కన్ను. మా పిల్లకు ఎడమకన్నే ప్రధానమని తేలెను. అట్టి పిల్లకు కుడిచేతి తుపాకినిచ్చుట యనగా చేతిని మాత్రమే కాదు, చూపును గూడ మార్చుకొమ్మని శాసించుట.

ఇక తుపాకుల సంగతి. వాడిన పోటీ తుపాకులు ప్రధానముగా మూడు తెగలు. మొదటి తెగలో గట్టి స్ప్రింగు పిస్టనును తోయగా పుట్టిన గాలి గుండును తోయును. స్ప్రింగు అదురును అణచుటకు జర్మనులు చక్కని ఉపాయములు పన్నిరి. ఫైన్‌వెర్క్‌బావ్ వారి 300ఎస్ అను తుపాకిలో యంత్రభాగమంతయు పట్టాలపై కొంచెము వెనుకకు జారును; అదురు భుజమునకు తెలియదు. డయానా వారు ఒకదాని కొకటి ఎదురుగా నడచు రెండు పిస్టనులను అమర్చి, ఒకదాని అదురును రెండవదానితో రద్దుచేసిరి. రెండవ తెగలో ప్రక్కనున్న మీటను ఒక్కసారి లాగి మూసినచో ఒక గుండునకు కావలసిన గాలి లోపల అణగియుండును. వాల్తర్ వారి ఎల్‌జిఆర్, ఫైన్‌వెర్క్‌బావ్ వారి 600 వరుస ఈ తెగవి. మూడవది నేడు పోటీలలో ఎల్లరును వాడునది. సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో గాలిని నింపియుంచిన, ఒక్కొక్క గుండునకు కొలిచినట్లు కొంత గాలి విడుదలయగును.

చదువరులు పాత తుపాకియనగానే గొట్టము అరిగియుండునేమో యని సందేహింతురు. ఆ సందేహమునకు తావు తక్కువ. సీసపు గుండు మెత్తనిది, వేగము స్వల్పము. లక్షలాది గుండ్లు పోయినను మంచి ఉక్కు గొట్టము చెడదు. దానిని చెరచునవి రెండే: తుప్పు, తెలివితక్కువగా త్రోసిన శుభ్రముచేయు కడ్డీ. నశించునవి తుపాకిలోని మెత్తని భాగములు. 1960, 1970 ప్రాంతముల నాటి కొన్ని జర్మను తుపాకులలో పిస్టను సీలు, ఒక్క గుండు పేల్చక పెట్టెలోనుంచినను, కాలక్రమమున పొడి పొడిగా రాలిపోవును. కావున "మావాడు దీనిని ముట్టుకొననేలేదు" అను అమ్మకందారుని మాట ప్రశంస కాదు. రెండవ తెగలో సీలు కారునో లేదో చూడవలయును. మూడవ తెగలో సిలిండరు మీద ముద్రించిన సంవత్సరమును చూడవలయును. పెక్కుమంది నిర్మాతలు సిలిండరునకు ఇన్నియేండ్లని ఆయుర్దాయము నిర్ణయించుచున్నారు, కొందరిది పదేండ్లు. గడువు చూచుకొను బాధ్యత పోటీలోని ఆటగానిదే. సాయంకాలము గాలి నింపి, ఒత్తిడి సూచికలోని అంకెను వ్రాసికొని, తెల్లవారి మరల చూచినచో గాలి కారుచున్నదో లేదో దీపము పెట్టినట్లు తెలియును.

తక్కిన పరీక్షలు కష్టమైనవి కావు. వెనుకటి సైటు మరను పది మెట్లు కుడికి, పది మెట్లు ఎడమకు త్రిప్పి పేల్చిన, గుండు మొదటిచోటికే రావలయును. సైటు లేని తుపాకి చౌకయని మురియరాదు. ఆ లోటు పూడ్చుటకు వేలు పోయవలసివచ్చును. ట్రిగ్గరు మెత్తగా నుండవలయునే గాని, మడమను నేలకు మెల్లగా తట్టినంతనే జారిపోరాదు. ఈ పరీక్ష గుండు లేకుండ చేయవలయును. తుపాకిని మెత్తని సంచిపై నిలుకడగా ఆనించి పది గుండ్లు పేల్చిన, కాగితముపై ఒక్క చినిగిన రంధ్రమే కానరావలయును. కాగితములును చూడవలయును. 4.5 మిల్లీమీటర్లకును 20 జౌళ్లకును మించని గాలితుపాకికి 2016 నాటి ఆయుధ నిబంధనలప్రకారము లైసెన్సు అక్కరలేదు. పోటీ తుపాకి శక్తి ఇందులో సగము గూడ లేదు. అయినను విదేశమునుండి వచ్చినదానికి కొనుగోలు పత్రములు లేకున్న ఆ బేరము మనకు వలదు.

ఈ జ్ఞానముతో మేము రెండు తుపాకులను చూచితిమి.

మొదటిది మా పట్టణములోని ఒక ధనికుని యింట నుండెను. కుమారుని ముచ్చటకై తెప్పించినది. ముచ్చట ఆరునెలలలో తీరిపోయెను. పండ్రెండేండ్లుగా పట్టుగుడ్డ చుట్టి పెట్టెలో పవళించియున్నది. గాలి సిలిండరు తెగ, పేరుమోసిన నిర్మాణము, చెక్కపై గీత యైన లేదు. కొత్తదాని వెలలో మూడవవంతునకే యిత్తుననెను. మా తమ్ముని కన్నులు మెరసినవి. సిలిండరు గడువు తీరియుండెను, దానిని మార్చుకొనవచ్చును. అసలు చిక్కు అది కుడిచేతి తుపాకి యగుట. చెంప ఆనించు పలక ఒకవైపు, పిడిలో బొటనవ్రేలికి తొలిచిన చోటు ఆ వైపే, గుండు పెట్టు మీట సరిగా ఎదురుచేతికి. పైగా అయిదు కిలోల బరువు. నిబంధనలు 5.5 కిలోలవరకు అనుమతించుచున్నవి. గాని నిబంధన మోయదు గదా, పిల్ల మోయవలయును.

పిల్ల దానిని శిక్షణాలయమున రెండు విధములను పట్టి చూచెను. కుడి భుజమున పెట్టిన, ప్రధానమైన ఎడమకంటిని మూసికొనవలసివచ్చెను. ఎడమ భుజమున పెట్టిన, చెంపకు ఆధారము లేక మెడ వంకరబోయెను. పది గుండ్లును కాగితమంతట చెదరినవి. మా తమ్ముడు "రెండు నెలలు పోతే అలవాటవుతుందిలే" అనెను. అప్పుడు పిల్ల మెల్లగా నిట్లనెను: "పెదనాన్నా, ఇది చాలా బాగుంది. కాని దీన్ని పట్టుకుంటే నాకు తుపాకే గుర్తుంటోంది, చుక్క గుర్తుండటంలేదు."

ఈ మాటకు మేము నివ్వెరపడితిమి. పదునాల్గవ శతాబ్దమునాటి శార్ఙ్గధర పద్ధతిలో ధనుర్వేదమునకు సంబంధించిన భాగ మొకటి కలదు. విల్లు విలుకాని బాహుబలమునకు కొంచెము తక్కువగానే యుండవలయుననియు, వింటివలన బాధపడువానికి లక్ష్యము కానరాదనియు అందలి తాత్పర్యము. ఆ గ్రంథము పేరైన వినని పిల్ల దాని సారమును తన మెడనొప్పినుండి గ్రహించెను. మేము ఆ తుపాకి వలదంటిమి. తమ్మునికి కొంత కోపము వచ్చెను. "ఇంత చౌక మళ్లీ దొరకదన్నయ్యా" అని రెండు దినములు మాతో సరిగా మాటాడలేదు.

రెండవది వేరొక పట్టణమున, రైల్వే కొలువునుండి విరమించిన ఒక పెద్దమనిషి యొద్ద నుండెను. ఆయనయు ఎడమచేతి వాటమువాడు. ఒక్క లాగుడుతో గాలి నిండు తెగ. ముప్పదేండ్లనాటి జర్మను నిర్మాణము. ఎడమచేతివారికై మలచిన స్టాకు. బరువు నాలుగున్నర కిలోలకు లోపు. చెక్కపై గీతలు, పిడిపై చెమటకు నల్లబడిన మచ్చలు. దానితోపాటు ఆయన ఒక అట్టపుస్తకమును మా చేతికిచ్చెను. ఏ సంవత్సరమున ఎన్ని గుండ్లు పేల్చినది, ఏ మర యెన్నడు మార్చినది, అంతయు ముత్యములవంటి యక్షరములతో వ్రాసియున్నది. మొత్తము లక్షా నలుబదివేల పై చిలుకు. మేము అడుగకముందే ఆయన "సీలు కొద్దిగా కారుతోందండి, అది మార్పించుకోవాలి" అని చెప్పెను. శిక్షకుడు వేగమును కొలుచు పరికరముతో చూడగా, మీట మూసినవెంటనే పేల్చిన గుండు వేగము 170 మీటర్ల యొద్ద నుండెను. రెండు నిమిషములు ఆగి పేల్చినది 150 దాటలేదు. దోషము నిజమే, ఆయన చెప్పినంతయే. సంచిపై ఆనించి పేల్చిన పది గుండ్లును ఒక్క రంధ్రమున దూరినవి.

తరువాత పిల్ల దానిని భుజమున కెత్తెను. చెంప పలకపై వాలెను. మోచేయి నడుమునెముకపై నిలిచెను. మెడ నిటారుగా నుండెను. ఎవరును ఏమియు చెప్పనక్కరలేకపోయెను. పేల్చిన పది గుండ్ల రంధ్రములను, చెలామణి తప్పిన పావలా బిళ్ల యొకటి ఆయన జేబున నుండగా, దానితో కప్పి చూపి నవ్వెను.

దీనికిని లోపములు లేకపోలేదు. గుండు గుండునకు మీట లాగుటకై నిలిచిన భంగిమను కొంత చెదరగొట్టుకొనవలయును. సిలిండరు తుపాకివారికి ఆ శ్రమ లేదు. పిల్ల జాతీయస్థాయికి ఎదిగిననాడు వేరొకటి కావలసివచ్చునని శిక్షకుడు దాపరికము లేకుండ చెప్పెను. గాని గాలి నింపు యంత్రము చేరువలో లేని మాబోటి పట్టణమువారికి, ఏ సిలిండరును వలదను తుపాకి గొప్ప సౌకర్యము. ధర మొదటిదానికంటె కొంచెము హెచ్చే. మేము గీచిగీచి బేరమాడలేదు. ఆ అట్టపుస్తకమునకు వెలకట్టుట మాకు చేతకాలేదు. సీలు మార్పించితిమి; ఇప్పుడు ఆగి పేల్చినను వేగము తగ్గుటలేదు.

ఎనిమిది నెలలు గడచినవి. మొన్నటి జిల్లాపోటీలో పిల్ల అరువది గుండ్లకు 560.4 సంపాదించెను. పూర్తి గుణములు 654. పతకము రాలేదు; దానికై యేడ్వను లేదు. ఇంటికి వచ్చి, అట్టపుస్తకములో ఆ పెద్దమనిషి వ్రాత ఆగినచోటి క్రింద గీత గీసి, తన లెక్క ప్రారంభించెను. ఎడమచేతితోనే వ్రాసెను. గుండ్లు సీసపువి, సీసము విషము; సాధన ముగియగానే సబ్బుతో చేతులు కడుగుకొనవలయునని మేము ఇంటిలో చెప్పియుంటిమి. నాటినుండి మా తల్లిగారు పిల్ల భోజనమునకు కూర్చుండగానే ఏ చేతితో తినుచున్నావని అడుగుట మాని, రెండు చేతులును కడిగితివా యని అడుగుచున్నారు. ఒక సంస్కారము మా యింట ఇట్లు సబ్బునీటితో ప్రవేశించెను.

తల్లిదండ్రులారా! తుపాకి కొనువారు మీలో కొందరే యుందురు. గాని వీణ, సైకిలు, కుట్టుమిషను, బల్ల, కుర్చీ ఎల్లరును కొందురు. వాడినవి కొనుట అవమానము కాదు, అప్పుచేసి కొత్తవి కొనుటకంటె మేలు. కొనునపుడు నశించు భాగములేవో, నశింపని భాగములేవో తెలిసికొనుడు. నిర్మాత పేరును, పైమెరుగును, వెలను పిమ్మట చూడుడు. అన్నింటికంటె ముందు బిడ్డను పిలిచి, ఆ వస్తువును దాని చేతికిచ్చి, నిలువనిచ్చి, అది చెప్పుమాట వినుడు. మర త్రిప్పి తుపాకిని సవరింపవచ్చును, సీలు మార్పింపవచ్చును. వస్తువు చౌకయైనదని బిడ్డ మెడ వంచుట మాత్రము ఏ ధరకును తగదు.